ఎన్ని సినిమాలు పూర్తి చేయిస్తారు?

స్కూలు చదువు అయిపోతూనే సినిమా తీయాలని గట్టిగా అనుకున్నవాళ్ళూ, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళూ ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంటారు: ఫిల్మ్ స్కూల్లో చేరాలా, అక్కర్లేదా? దీనికి రెండు వైపులా పేర్ల జాబితాలు తయారుగా ఉంటాయి. చేరాలనేవాళ్ళు పోలండ్‌లోని వూచ్ ఫిల్మ్ స్కూలు పేరెత్తి, అక్కడ చదివిన దర్శకులు వైదా, పొలాన్‌స్కీ, కీస్లోవ్‌స్కీ అంటారు. అక్కర్లేదనేవాళ్ళు వీడియో షాపులో పనిచేసిన టరాంటినోని చూపిస్తారు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫిల్మ్ స్కూలు స్పీల్‌బర్గ్‌ని చేర్చుకోలేదని గుర్తు చేస్తారు. ఆ స్పీల్‌బర్గే వేరేచోట చేరి మధ్యలో వదిలేసిన డిగ్రీని 2002లో వెనక్కి వెళ్ళి పూర్తి చేశాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రెండు జాబితాలూ నిజమే. కానీ అవన్నీ ఏరు దాటి ఒడ్డెక్కినవాళ్ళ పేర్లు. ఏ రేవు దగ్గర ఎంతమంది మునిగారో వాటిలో ఉండదు.

అందుకని పేర్లు పక్కన పెట్టి రెండు అంకెలు లెక్కపెట్టమంటాను. మొదటిది: ఈ దారిలో వెళ్తే మూడు నాలుగేళ్ళలో, నలుగురితో కలిసి పనిచేసి, ముక్కూమొహం తెలియనివాళ్ళకి చూపించే దాకా ఎన్ని సినిమాలు పూర్తవుతాయి? రెండోది: చదువు అయిపోయిన రోజు నుంచి సరైన సంపాదన లేకుండా, అప్పుల వాయిదాలకి భయపడకుండా ఎన్ని నెలలు బతకగలరు? ఫిల్మ్ స్కూలు, మామూలు డిగ్రీ, సెట్టు మీద పని, సొంతంగా నేర్చుకోవడం, దేన్నైనా ఈ రెండు అంకెలతో తూచవచ్చు. పేరున్న బడి మొదటి అంకెలో తేలిపోవచ్చు. ఎవరికీ తెలియని చిన్న కోర్సు రెండిట్లోనూ గెలవచ్చు.

ఫిల్మ్ స్కూలు అసలు ఏమిస్తుందో తెలియాలంటే దాని పుట్టుక చూడాలి. ప్రపంచంలో మొట్టమొదటి ఫిల్మ్ స్కూలుగా చెప్పుకునే మాస్కోలోని వీజీఐకే 1919లో మొదలైంది. అప్పుడు అక్కడ ముడి ఫిల్ముకే కరువు. అక్కడ దర్శకుడు లెవ్ కులెషోవ్ దగ్గర చేరినవాళ్ళు ఫిల్ము లేకుండానే సినిమాలు ‘తీశారు’. షాట్ల వరసనంతా వేదిక మీద నటించి చూపేవాళ్ళు. దొరికిన పాత ప్రింట్లని కత్తిరించి, వరస మార్చి అతికిస్తే అర్థం ఎలా మారుతుందో చూసేవాళ్ళు. ఒకే ముఖం పక్కన సూపు గిన్నె పెడితే ఆకలి, శవపేటిక పెడితే దుఃఖం కనిపిస్తుందన్న పేరుపడ్డ ప్రయోగం కులెషోవ్‌దే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫిల్మ్ స్కూళ్ళ బలమంతా సామగ్రిలోనే ఉండేది: కెమెరా, ముడి ఫిల్ము, ల్యాబు, ఎడిటింగ్ టేబులు. అవి బయట దొరికేవి కావు కాబట్టి బడికి వెళ్ళక తప్పేది కాదు.

ఇప్పుడు ఆ అవసరం లేదు. కెమెరా జేబులో ఉంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పాఠాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. మరి బడిలో మిగిలిందేమిటి? గడువు, జట్టు, మొహమాటం లేని విమర్శ. ఒంటరిగా చేసుకునేవాళ్ళకి దొరకనివి సరిగ్గా ఈ మూడే. షూటింగు పండగలా ఉంటుంది, పదిమంది వస్తారు. ఎడిటింగు సగంలో ఉండగా ఎవరూ ఉండరు. సౌండ్ మిక్సింగ్, కలర్ కరెక్షన్, టైటిల్స్ దగ్గరికి వచ్చేసరికి సొంత సినిమా మీద సొంతదారుకే విసుగు పుడుతుంది. హార్డ్ డిస్కుల్లో మగ్గిపోయే షార్ట్ ఫిల్ముల్లో ఎక్కువ భాగం ఆగేది ఈ ఆఖరి పది శాతం దగ్గరే. ఫలానా తేదీన అందరి ముందూ ప్రొజెక్ట్ చేస్తామని ఎవరో చెప్పి, చూపించకపోతే మార్కులు కోసేస్తే, ఆ పది శాతం ఎలాగో పూర్తవుతుంది.

ఇక దారులు. ముందు చాలామంది ఆలస్యంగా తెలుసుకునే విషయం ఒకటి ఉంది. మంచి ఫిల్మ్ స్కూళ్ళలో చాలావాటికి పద్దెనిమిదేళ్ళవాళ్ళు అర్హులే కారు. పుణెలోని ఎఫ్‌టీఐఐలో మూడేళ్ళ డైరెక్షన్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్ కోర్సులకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అంతే. పారిస్‌లోని లా ఫెమిస్ ప్రధాన కోర్సుకి స్కూలు తర్వాత కనీసం రెండేళ్ళ పైచదువు అడుగుతుంది. బ్రిటన్‌లోని నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూలు ముఖ్యంగా ఎం.ఏ. స్థాయిది. అమెరికాలో ఏఎఫ్ఐ కన్సర్వేటరీ కూడా డిగ్రీ తర్వాతి చదువే. స్కూలు నుంచి నేరుగా తీసుకునేవి వేరే ఉన్నాయి: వూచ్, ప్రాగ్‌లోని ఫాము, న్యూయార్క్ యూనివర్సిటీ టిష్ స్కూలు, సదరన్ కాలిఫోర్నియాలో డిగ్రీ కోర్సులు, వీజీఐకే. వీటిలో కొన్ని ఆ దేశపు భాషలో బోధిస్తాయి. ప్రవేశ పరీక్ష కూడా ఆ భాషలోనే రాయాలి. నిబంధనలు ఏడాదికో రకంగా మారతాయి కాబట్టి ఆ ఏటి ప్రవేశ ప్రకటన చదవకుండా ఏ లెక్కా వేసుకోవద్దు.

డిగ్రీ అయ్యాకే చేర్చుకునే బడులకి కారణం లేకపోలేదు. పద్దెనిమిదేళ్ళకి చాలామందికి సినిమాల గురించే తెలుసు. అప్పుడు రాసే కథలు కూడా చూసిన సినిమాల మీదే ఉంటాయి: హంతకుడు, పోలీసు, అద్దంలో తనని తాను చూసుకునే కుర్రాడు, చివర్లో ‘ఇదంతా కల’. ఇరవై రెండేళ్ళకి, మరో విషయం మీద కొంత లోతుకి వెళ్ళినవాళ్ళ చేతిలో కథ వేరేగా ఉంటుంది. ఎదురు ఉదాహరణలు లేవని కాదు. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ బ్రస్సెల్స్‌లో ఫిల్మ్ స్కూల్లో చేరిన కొన్నాళ్ళకే మానేసి, 1968లో పద్దెనిమిదేళ్ళ వయసులో పదమూడు నిమిషాల సినిమా తీసింది. అలాంటివాళ్ళకి ఎలాగూ ఇలాంటి వ్యాసాలతో పని లేదు.

నేరుగా ఫిల్ము డిగ్రీలో చేరాలనుకుంటే బడిని ఎలా నిలదీయాలన్నది అసలు విషయం. బ్రోషర్లో స్టూడియో ఫొటోలుంటాయి, పేరున్న పూర్వ విద్యార్థుల ముఖాలుంటాయి. అవి పక్కన పెట్టి కెమెరా కిట్లెన్ని, క్లాసులో ఎంతమంది అని అడగండి. చిన్న లెక్క వేద్దాం. క్లాసులో నలభై మంది, కిట్లు నాలుగు. అంటే కిట్టుకి పదిమంది. ఒక్కొక్కరి సినిమాకి మూడు రోజుల షూటింగు, కిట్టు తీసుకుని పరీక్షించి తిరిగివ్వడానికి ఒక రోజు. పదిమందికి నలభై పనిదినాలు. పద్నాలుగు వారాల సెమిస్టరులో పనిదినాలు డెబ్బై. క్లాసులు ఆపి షూటింగుకి వదిలితే సరిపోతుంది. కానీ వారమంతా క్లాసులు పెట్టి షూటింగులు శనివారం, ఆదివారం మాత్రమే అంటే? మూడు రోజుల షూటింగుకి రెండు వారాంతాలు కావాలి. పదిమందికి ఇరవై వారాంతాలు. ఉన్నవి పద్నాలుగు. అంటే ఆ సెమిస్టరులో కిట్టుకి ముగ్గురు సినిమా తీయరు, లేదా అందరూ హడావుడిగా ఒక్కరోజులో లాగించేస్తారు. ఈ లెక్క అడ్మిషన్ ఆఫీసులో కూర్చుని వేసి చూపిస్తే వాళ్ళు చెప్పే జవాబు బ్రోషరు కంటే ఎక్కువ చెబుతుంది.

డిప్లొమా సినిమాని, అంటే కోర్సు చివర తీసే సినిమాని, ప్రతివాళ్ళూ డైరెక్ట్ చేస్తారా అని కూడా అడగాలి. కొన్ని బడుల్లో ఆఖరి ఏడాది కొందరి స్క్రిప్టులనే ఎంపిక చేసి, మిగతావాళ్ళని వాళ్ళ జట్టులో వేస్తారు. అది తప్పు పద్ధతేమీ కాదు, బయట పరిశ్రమ నడిచేది అలాగే. కానీ డైరెక్షన్ కోర్సు అనుకుని చేరి, ఆఖరికి ఇంకొకరి సినిమాకి బూమ్ (పొడవాటి కర్రకి కట్టిన మైకు) పట్టుకోవాల్సి వచ్చినప్పుడు తెలియడం కంటే చేరకముందు తెలియడం మేలు. ఆ సినిమా ఖర్చు ఎవరిదో, కాపీరైటు ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోవాలి. బడిదే కాపీరైటు అయితే దాన్ని ఆన్‌లైన్లో పెట్టడానికీ, ఎవరికైనా అమ్మడానికీ, కొన్నిసార్లు ఫెస్టివల్‌కి పంపడానికీ అనుమతి కావాలి. పాఠం చెప్పేవాళ్ళు చివరిసారి సెట్టు మీద ఎప్పుడు పనిచేశారు? ఎడిట్ సూట్లు రాత్రిపూట తెరిచి ఉంటాయా, ఐదింటికి తాళం వేస్తారా? సౌండ్‌కి విడిగా అధ్యాపకుడు ఉన్నాడా? సౌండ్‌ని కెమెరా మాస్టారే చెప్పేస్తుంటే ఆ బడిలో తీసే సినిమాలు ఎలా వినిపిస్తాయో ఊహించుకోవచ్చు.

నన్నడిగితే అన్నిటికంటే తేలిగ్గా తేల్చే పరీక్ష ఇంకోటి ఉంది. పోయిన ఏడాది విద్యార్థుల సినిమాలన్నీ చూపించమనండి. బహుమతులొచ్చిన రెండూ చూపిస్తారు. అవి కాదు, క్లాసులో అన్నిటికంటే అడుగున ఉన్న సినిమా చూడాలి. ఎక్కడైనా పైనున్న ఇద్దరు వచ్చేటప్పుడే ఏదో తెచ్చుకుని వస్తారు. అడుగున ఉన్న సినిమాలో మాట స్పష్టంగా వినిపిస్తే, ఎవరు ఎవరివైపు చూస్తున్నారో తెలిస్తే, అది ఉండాల్సిన నిడివిలో ఉంటే, ఆ బడి నేర్పుతోందన్న మాట. చూపించడానికి వెనకాడితే అదీ జవాబే.

రెండో అంకె డబ్బు. ఫీజు మాత్రమే చూసి లెక్క వేస్తే సగమే వేసినట్టు. విద్యార్థి సినిమాలకి యూనిట్ భోజనాలు, రవాణా, లొకేషన్, ఆర్ట్ సామాను, హార్డ్ డిస్కులు, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు ఉంటాయి. వీటిలో బడి ఇచ్చేదెంత, జేబులోంచి పోయేదెంత అన్నది ఇప్పుడే చదువు ముగించినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్ళు పని వరసగా దొరకదు. అసిస్టెంటుగా ఒక షెడ్యూలు అయ్యాక ఇంకోటి మొదలవడానికి నెలలు పట్టొచ్చు. ఒప్పుకున్న డబ్బు ఆలస్యంగానూ రావచ్చు. ప్రతినెలా ఫలానా తేదీకి వాయిదా కట్టాల్సినవాళ్ళు ఆ ఖాళీల్లో నిలబడలేరు. పెళ్ళి వీడియోల పనో, ప్రకటనల ఆఫీసులో ఎడిటింగు ఉద్యోగమో పట్టుకుంటారు. అవి చిన్న పనులని కాదు. కానీ స్క్రిప్టు రాసుకోవాల్సిన సమయమంతా వాయిదాలకి పోతుంది. అందుకే నా గీత ఇది: వారానికి రెండు మూడు రోజుల ఎడిటింగ్ పనితో కట్టగలిగినంత అప్పైతేనే అప్పు. అంతకంటే ఒక్క మెట్టు పైకెళ్ళినా ఆ బడి ఎంత గొప్పదైనా వద్దు. స్కాలర్‌షిప్ వస్తేనో, ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడి అయితేనో ఇది వేరే లెక్క.

చాలామందికి నేను సూచించేది మధ్యదారి: తక్కువ ఖర్చులో ఏదో ఒక మామూలు డిగ్రీ, ఆ మూడు నాలుగేళ్ళూ పక్కనే సినిమాలు, తర్వాత కావాలనిపిస్తే పీజీ ఫిల్మ్ స్కూలు. క్రిస్టఫర్ నోలన్ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం. అక్కడి ఫిల్మ్ సొసైటీ సామాను వాడుకుంటూ తీయడం నేర్చుకున్నాడు. 1998లో వచ్చిన అతని మొదటి పూర్తి నిడివి సినిమా, ఉద్యోగాలు చేసుకునే మిత్రులతో దాదాపు ఏడాది పాటు శనివారాల్లో తీసింది. ఫిల్ము ఖర్చు తగ్గించడానికి ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్ళు. ఇందులో పట్టుకోవాల్సింది రిహార్సల్ సంగతి.

ఏ డిగ్రీ అన్నదాని మీద పెద్ద పట్టింపు అక్కర్లేదు గానీ, టైమ్‌టేబుల్ మీద ఉండాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబులుండే కోర్సులో చేరితే లైటు ఉన్నంతసేపూ లోపలే ఉంటారు. చరిత్ర, సాహిత్యం, మనస్తత్వ శాస్త్రం, న్యాయం లాంటివి కథకి పనికొస్తాయి. భౌతిక శాస్త్రం కెమెరా, సౌండ్ వైపు వెళ్ళేవాళ్ళకి పునాది. అకౌంట్స్ చదివినవాళ్ళకి ప్రొడక్షన్‌లో ఎప్పుడూ చోటుంటుంది, ఇది నవ్వులాటకి అనడం లేదు. కోర్సు కంటే ముందు చూడాల్సింది ఆ కాలేజీలో నాటకాల బృందం బతికి ఉందా అన్నది. కొత్త దర్శకుల సినిమాల్లో తేలిగ్గా బయటపడే లోపం నటన. వాళ్ళు లెన్సుల గురించి గంటలు మాట్లాడతారు, నటుడికి మాత్రం ‘కొంచెం ఫీలై చెప్పు’ అంటారు. రెండు నాటకాలకి పనిచేస్తే ఆ మాట పనిచేయదని తెలుస్తుంది. ‘ఆమె తలుపు వైపు వెళ్ళకుండా ఆపు’ అని చెయ్యగలిగే పని ఒకటి ఇస్తే నటుడు కదులుతాడనీ తెలుస్తుంది. పైగా ఉచితంగా నటించడానికి ఒప్పుకునేవాళ్ళు దొరికేది అక్కడే.

సెట్టు దారి గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. ‘డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లో చేరితే అన్నీ వాటంతటవే వస్తాయి’ అన్న మాట సగమే నిజం. పెద్ద యూనిట్లో కొత్త అసిస్టెంటు చేసేది క్లాప్ కొట్టడం, ఆర్టిస్టుని కారవాన్ నుంచి పిలుచుకు రావడం, జనాన్ని ఫ్రేములోంచి తప్పించడం, ఎవరు ఎన్నింటికి రావాలో చెప్పే రేపటి కాల్ షీటు అందరికీ చేరవేయడం. క్రమశిక్షణ వస్తుంది, సినిమా ఎంత పెద్ద యంత్రాంగమో తెలుస్తుంది. ఈ షాటు ఇక్కడే ఎందుకు పెట్టారన్నది మాత్రం మీ చెవిన పడదు. ఆ నిర్ణయాలు మానిటరు దగ్గర ముగ్గురి మధ్య జరిగిపోతాయి. కాబట్టి రెండు వందల మంది పనిచేసే సినిమా కంటే ముప్పై మంది పనిచేసే సినిమా మేలు. దొరికితే కంటిన్యుటీ పని అడిగి తీసుకోండి. దర్శకుడి పక్కనే కూర్చుని, ఏ టేకు ఎంతసేపు నడిచింది, ఏ లెన్సు, ఎవరి చూపు ఏ వైపు, ఏ టేకు ఓకే, ఎందుకు ఓకే అని రాసే ఉద్యోగం అది. సెట్టు మీద అంతకంటే మంచి క్లాసురూము లేదు.

జపాన్ దర్శకుడు అకిర కురొసావా 1936లో పీసీఎల్ స్టూడియోలో అసిస్టెంటుగా చేరాడు, మొదటి సినిమా తీసింది 1943లో. ఆ ఏడేళ్ళూ ఆయన క్లాపు కొట్టి కూర్చోలేదు. గురువు యమమోతో కజిరో దర్శకుడు కావాలంటే స్క్రిప్టులు రాయాలని పట్టుబట్టాడు, ఎడిటింగూ చేయించాడు. అలాంటి గురువు దొరికితే ఫిల్మ్ స్కూలు అక్కర్లేదు. దొరకకపోతే రెండు మూడు సినిమాలయ్యాక ఆగి చూసుకోవాలి: ఈ మధ్యలో సొంతంగా ఎన్ని పేజీలు రాశారు? జవాబు సున్నా అయితే మీరు నేర్చుకోవడం మానేసి చాలాకాలమైంది. చేరేటప్పుడే ఎన్ని రోజులు, ఎంత డబ్బు, టైటిల్స్‌లో పేరు పడుతుందా అన్న మూడూ రాతలో అడగండి. అడిగినందుకు వద్దనేవాళ్ళ దగ్గర పనిచేయకపోవడం నష్టం కాదు.

ఎవరూ పెద్దగా ఎంచుకోని దారొకటి ఉంది, నాకు ఇష్టమైంది అదే. డైరెక్షన్ కోర్సు కోసం చూడకుండా ఎడిటింగో, సౌండో చేతి విద్యగా నేర్చుకోవడం. బ్రిటన్‌కి చెందిన డేవిడ్ లీన్ దర్శకుడు కాకముందు 1930లలో పేరున్న ఎడిటరు. మన కె.విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలుపెట్టారు. 1960ల మధ్యలో గానీ దర్శకుడిగా మొదటి సినిమా రాలేదు. ఎడిటింగ్ టేబులు దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇతరుల తప్పులన్నీ వరసగా వస్తాయి. క్లోజప్ తీయడం మర్చిపోయారు. నటుడు మాట పూర్తవగానే కట్ అన్నారు, ఆ తర్వాతి రెండు సెకన్ల మౌనం లేదు. రెండు షాట్లలోనూ ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. ఇలాంటి యాభై సన్నివేశాలు అతికినవాళ్ళు సెట్టు మీదకి వెళ్తే ఏం తీయాలో ముందే తెలుస్తుంది. పైగా ఇది రెండో అంకెని కూడా కాపాడుతుంది. ఎడిటింగు తెలిసినవాళ్ళకి ఎక్కడైనా ఏదో ఒక పని ఉంటుంది, డైరెక్షన్ తెలుసన్నవాళ్ళకి ఉండదు.

ఏ దారి తేల్చుకోకముందు, వీలైతే చేరకముందే, ఒక ఏడాది పని పెట్టుకోవచ్చు. మొదట తొంభై సెకన్ల సినిమా: ఒక మనిషి, ఒక గది, మాటలు లేవు, ఎనిమిది షాట్లు మించకూడదు, వారంలో పూర్తవ్వాలి. తర్వాత అదే ఫుటేజిని ఒక్క కొత్త షాటు తీయకుండా వేరే కథగా ఎడిట్ చేయడం, కులెషోవ్ శిష్యులు చేసినట్టు. మూడోది ఇద్దరు మనుషుల మధ్య రెండు పేజీల సంభాషణ. ఇక్కడే నూట ఎనభై డిగ్రీల గీత (ఇద్దరి మధ్యా ఊహించుకునే గీత, కెమెరా దానికి ఒకే వైపు ఉండాలి) దాటేసి, ఇద్దరూ ఒకరినొకరు కాక గోడని చూసి మాట్లాడుతున్నట్టు వస్తుంది. పుస్తకంలో పదిసార్లు చదివినా అర్థం కానిది ఒక్కసారి తప్పు చేస్తే ఎక్కుతుంది. నాలుగోది, ఎవరైనా చేతులతో పనిచేస్తుంటే ఐదు నిమిషాల డాక్యుమెంటరీ. చివరిది ఎనిమిది పది నిమిషాల కథ, ఆరుగురి జట్టుతో, మూడు రోజుల షూటింగు.

ఆ చివరిదాని దగ్గర అంకెలు మళ్ళీ పనికొస్తాయి. స్క్రిప్టు పేజీ సుమారు ఒక నిమిషం. కొత్త జట్టుకి లైటింగు, రిహార్సల్, టేకులు కలిపి ఒక్కో షాట్ సెటప్‌కి పాతిక నిమిషాలు పడుతుంది. పది గంటల రోజులో భోజనం, లొకేషన్ మార్పు, ఆలస్యాలు తీసేస్తే ఏడున్నర గంటలు, అంటే పద్దెనిమిది సెటప్పులు. మూడు రోజులకి యాభై నాలుగు. షాట్ డివిజన్‌లో, అంటే తీయాల్సిన షాట్ల జాబితాలో, ఎనభై రాసుకుంటే ఇరవై ఆరు షాట్లు మూడో రోజు చీకట్లో కొట్టుకుపోతాయి. అవి సాధారణంగా క్లైమాక్స్‌వే అయి ఉంటాయి, ఎందుకంటే కథ వరసలోనే తీసుకుంటూ వచ్చారు. ముఖ్యమైన సన్నివేశం రెండో రోజు పొద్దున పెట్టండి. అప్పటికి జట్టు కుదురుకుంటుంది, ఇంకా అలసిపోదు.

సౌండ్ కెమెరాలో ఉన్న మైకుతో తీసుకుంటే సినిమా అక్కడే పోయినట్టు. బూమ్ ఫ్రేములో పడకుండా నటుడి తలకి ఎంత దగ్గరగా రాగలిగితే అంత దగ్గరగా రావాలి, అరమీటరు లోపు అయితే మంచిది. రికార్డర్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మీటర్లో మాట లెవెల్స్ మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గర. ఫ్రిజ్, ఫ్యాను ఆపించాలి. ఫ్రిజ్ స్విచ్చి ఆపినవాళ్ళ బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టించడం పాత చిట్కా, అప్పుడు వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి ముప్పై సెకన్ల ఖాళీ శబ్దం రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య గుంటలు పడతాయి. ఇక డేటా: సెకనుకి 100 మెగాబిట్ల ఫుటేజి గంటకి 45 జీబీ. పది నిమిషాల సినిమాకి పదింతలు తీస్తే వంద నిమిషాలు, 75 జీబీ. మూడు కాపీలకి 225 జీబీ. ఒక కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి. రెండు కాపీలూ ఒకే సంచిలో పెట్టుకుని ప్రయాణాలు చేసేవాళ్ళు ఏదో ఒక రోజు రెండూ పోగొట్టుకుంటారు.

సంగీతం విషయంలో ఒక హెచ్చరిక. ఇష్టమైన సినిమా పాట వాడితే రెండు హక్కులు కావాలి: పాట కట్టినవాళ్ళవి, ఆ రికార్డింగ్ సొంతదారువి. ఒక్కటి లేకపోయినా ఫెస్టివల్ వద్దంటుంది, ఆన్‌లైన్లో తీసేస్తారు. నిడివి కూడా ముందే చూసుకోవాలి. ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్ షార్ట్ ఫిల్మ్ పోటీకి పదిహేను నిమిషాల లోపు ఉండాలి. ఆస్కార్ లెక్కలో నలభై నిమిషాల వరకూ షార్ట్ ఫిల్మే. కానీ ముప్పై ఐదు నిమిషాల విద్యార్థి సినిమాని పెట్టుకోవడానికి చాలా ఫెస్టివల్ కార్యక్రమాల్లో చోటు దొరకడం కష్టం. అది తీసినవాళ్ళకి తప్ప అందరికీ తెలుసు.

ఆ ఏడాది చివర చేతిలో ఐదు సినిమాలుంటాయి. ప్రవేశ దరఖాస్తుకి వాటిలో ఒకటే పంపాలి. మొదటి ముప్పై సెకన్లలో టైటిల్ కార్డులు, డ్రోన్ షాట్లు, పేరున్న దర్శకుల వాక్యాలు ఉంటే తీసేయండి. వందల సినిమాలు చూసే వ్యక్తి అక్కడే ముందుకి జరిపేస్తాడు. ‘చిన్నప్పటి నుంచి సినిమా అంటే ప్రాణం’ అని మొదలుపెట్టే ఉద్దేశ పత్రం అందరూ రాసేదే. దాని బదులు మీరు దగ్గరగా చూసిన ఒక మనిషి గురించో, పని గురించో, గొడవ గురించో రాయండి. లా ఫెమిస్ ప్రవేశంలో అభ్యర్థుల చేత ఇచ్చిన అంశాల్లో ఒకదాని మీద పరిశోధన పత్రం చేయిస్తారు, వాళ్ళు స్వయంగా వెళ్ళి చూసి, వెతికి, సమకూర్చింది. కెమెరా పట్టుకోవడం కాదు, చూడటం వచ్చా అని పరీక్షించడమది. ఇతర బడులు అడగకపోయినా అలాంటిది ఒకటి చేసి పెట్టుకుంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత విషయం ఉంటుంది.

మొదటిసారి రాకపోవచ్చు. కీస్లోవ్‌స్కీని వూచ్ స్కూలు రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి తీసుకుంది. రెండు ప్రయత్నాల మధ్య ఏడాదిని కోచింగులో గడపకుండా ఇంకో రెండు సినిమాలకి వాడుకోవాలి. పోయినసారి పంపిన సినిమానే రంగులు సరిదిద్ది మళ్ళీ పంపితే చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. ఇక ఎక్కడైనా చేరాక, మొదటి ఏడాది పూర్తయిన రోజున హార్డ్ డిస్కు తెరిచి చూడండి. ఫైనల్ మిక్సింగ్ అయిన సినిమా ఒక్కటి కూడా లేకపోతే బడి మార్చుకునే నిబంధనలు అప్పుడే అడగాలి, మూడో ఏడాదిలో అడిగితే ఎవరూ తీసుకోరు. మార్కుల పత్రాలతో పాటు స్క్రిప్టులు, షాట్ డివిజన్లు, ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైళ్ళు కూడా మీ దగ్గర కాపీ పెట్టుకోండి. బడి సర్వర్లో ఉన్నవి మీరు బయటికి వచ్చిన కొన్నాళ్ళకి చెరిపేస్తారు.